దూది పరీక్ష

రిపోర్టులో నేను రాసిన మాట: నార్మల్.
పద్నాలుగేళ్లుగా రాస్తున్నాను ఆ మాట
ఒంగోలు పెద్దాసుపత్రి రెండో అంతస్తులో,
చేతులకు తీగలు అంటించి, కరెంటు చురుక్కుమనిపించి,
తెర మీద గీత లేచి పడేదాకా చూసి.

దూదేకుల హుస్సేనమ్మ రావడం ఇది మూడోసారి.
మార్కాపురం నుంచి పొదిలి మీదుగా పల్లెవెలుగు బస్సు.
కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వస్తుందట,
గాలి తగిలితే చాలు చెయ్యి భగ్గుమంటుందని.
పలకల కార్ఖానాలో కోత మిషను
ఎడమచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ తీసుకుపోయి ఆరేళ్లు.
గాయం ఎప్పుడో మానింది. కుట్ల గుర్తులు కూడా నున్నబడ్డాయి.
"లేని వేళ్లే బాబూ, రాత్రయితే పిడికిలి బిగిస్తయి.
గోళ్లు అరచేతిలో దిగతయి.
విప్పుదామంటే యాడున్నయి అవి?"

మళ్లీ తీగలు అంటించాను. గీత లేచింది, పడింది.
నార్మల్.
కాగితం మడిచి రవికలో దోపుకుని
"అయితే అబద్ధమాడేది నేనా, మీ మిషనా?" అంది
కోపం లేకుండా, కండక్టర్ని చిల్లర అడిగినట్టు.

ఆ ఏడే డాక్టర్ సుగుణావతి గారు పరిశోధన పెట్టుకుని వచ్చారు.
నా మిషన్ని చూసి నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పారు:
నీకు వినపడేవి లావు నరాలే, తొడుగున్నవి,
చిన్న స్టేషన్లలో ఆగకుండా దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్‌లు.
మంటను మోసేవి సన్నవి, తొడుగు లేనివి,
తర్లుపాడులో ఆగి, ఇంకెక్కడో ఆగి, ఈడ్చుకుంటూ వచ్చే పాసింజర్లు.
వాటి చప్పుడు నీ తెరకెక్కదు.

ఎంతమందిని "ఏమీ లేదమ్మా" అని బస్సెక్కించానో
లెక్క పెట్టబోయి మానుకున్నాను.

కొత్త ఫారంలో నొప్పి మీద పన్నెండు ప్రశ్నలు,
ఇంగ్లీషులోంచి తెలుగు చేసింది నేనే.
చదవడం పూర్తికాకుండానే హుస్సేనమ్మ దిద్దింది.
పోటు వేరు, సలుపు వేరు, గుంజుడు వేరు.
జివ్వుమనేది మోచేతిదాకా పోయి తిరిగొస్తది,
చిమచిమలాడేది యాడికీ పోదు.
"ఒళ్లు తీపులంటారే, తీపు!
ఆ పేరు పెట్టినోడికి ఎన్నడూ నొప్పి పుట్టలా."
డాక్టరు గారు పెన్ను మూసి, మళ్లీ తెరిచారు.

వెన్నుపాములో కాపలా కణాలుంటాయని చెప్పారామె.
దెబ్బ తగిలిన రోజు లేచి కేకలేశాయట,
దొంగ వెళ్లిపోయాక కూడా పడుకోవడం మరిచాయట,
ఇప్పుడు పిల్లి నడిచినా ఊరంతా లేపుతున్నాయట.
హుస్సేనమ్మకు ఆ పోలిక ఆనలేదు.
"పలకమ్మా అది. తడిగుడ్డ పెడితే పోయినట్టే ఉంటది.
ఆరినాక చూడు."

తర్వాత దూది పరీక్ష.
పుల్లకు చుట్టిన దూది, ముంజేతి నుంచి కిందికి, ఒక్కసారే.
పళ్లు కరిచిపట్టింది. కంటి చివర నీళ్లు.
తాత విల్లుతో దూది ఏకుతుంటే
ఆ కుప్పలోనే పడి నిద్రపోయిన పిల్ల ఈమె.

రాత్రిపూట మాత్ర, వారానికి కొంచెం పెంచుతూ.
పగలు చెప్పుల పెట్టెంత అద్దాల పెట్టె:
కుడిచేయి బయట, ఎడమచేయి లోపల,
కుడి పిడికిలి విప్పితే అద్దంలో ఎడమది విచ్చుకుంటుంది.
మొదటి రోజు ఏమీ లేదు. తొమ్మిదో రోజు
"విప్పినయి" అంది. ఇంకేం అనలేదు.

అందరికీ అట్లా కాలేదు. కనిగిరి ఆయనకు తలతిప్పుడే మిగిలింది,
ఇద్దరు మళ్లీ రాలేదు, వాళ్ల ఫోన్లు మోగవు.
హుస్సేనమ్మకు ఎనిమిది ఐదైంది.
"ఐదంటే ఎంత?" అనడిగాను, ఫారంలో లేకపోయినా.
"తెల్లారుజామున నాలుగింటిదాకా నిద్ర."

నార్మల్ పక్కన ఇప్పుడు ఇంకో వాక్యం రాస్తున్నాను:
సన్న నరాల సంగతి ఈ మిషనుకు తెలియదు.

చివరి రోజు మళ్లీ దూది. చెయ్యి వెనక్కి లాగింది,
మునుపంత కాదు.
ట్రేలోంచి ఒక ముక్క తీసి కుడిచేతి వేళ్లతో విడదీసి
వెలుతురుకి పట్టి చూసింది.
"సరిగా ఏకలా బాబూ," అంది,
"నలుసుంది ఇందులో."